నారింజ, మొంబత్తి, బొమ్మ

డిసెంబరు మూడో వారంలో ఒక మంగళవారం నర్సింహ పెట్టుకున్న పని చిన్నది. కొత్తకోట బస్టాండులో కొన్న నారింజను దుర్గయ్య ఇంటి గడప మీద పెట్టాలి. ఎవరూ చూడకముందే తిరిగొచ్చి పంచాయతీ గ్రంథాలయం తలుపు తీయాలి. పత్రికలు సర్ది, ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి.

అది 1962. కొత్తకోటకు నడిచిపోయే దూరంలో ఉన్న ఆ ఊళ్లో గ్రంథాలయం అంటే ఒక గది, రెండు బీరువాలు, ఒక బెంచీ. దాన్ని చూసుకునే పని నర్సింహది. అతని తండ్రి గొర్రెల మంద అమ్మి మెట్ట చెలక కొన్నాడు. చెలకలో రాళ్లే మిగిలాయి. దుర్గయ్యది ఇప్పటికీ మంద ఉన్న ఇల్లు. ఆయన కూతురు అరుణమ్మ తల్లి లేని పిల్ల, నాయనమ్మ గుర్వమ్మ పెంచింది. ఏడో తరగతి చదివింది. వారానికోసారి గ్రంథాలయానికి వచ్చి పుస్తకం మార్చుకుని పోతుంది. ఆమె వచ్చే రోజున నర్సింహ బెంచీ తుడిచేవాడు. రెండేళ్లుగా వాళ్లు మాట్లాడుకున్నది పుస్తకాల గురించే. అయినా సంగతి ఇద్దరికీ తెలుసు.

దసరా తర్వాత నర్సింహ ఒక పెద్దమనిషితో అడిగించాడు. దుర్గయ్య ఎక్కువ ఆలోచించలేదు.

"పిలగాడు మంచోడే. గని జీవాలేవి, గొర్లేవి? పుస్తకాలు ఈన్తయా?"

ఆ మాట అన్న నెలకే కొల్లాపూర్ వైపు నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడి తండ్రి బీరన్నకు రెండు మందలున్నాయి. గురువారం ఆయన తన వాళ్లతో వచ్చి, నలుగురి ముందు కల్లు తాగి మాట ఖాయం చేసుకుంటాడు. కల్లు తాగాక ఆ మాట తిరగదు. నర్సింహకు మిగిలింది మంగళవారం, బుధవారం, గురువారం పొద్దున.

దారి ఒక నవల చూపించింది. మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం మానేసిన ఒక పంతులు తన పాత పుస్తకాలు గ్రంథాలయానికి పంపాడు. అందులో ముప్పై ఏళ్ల కిందట అచ్చయిన క్రిస్మస్ కథ ఒకటి ఉంది. పట్నంలో గుమాస్తాగా ఉన్న నాయకుడు సెలవులకు సొంత ఊరు వస్తాడు. తను కోరుకున్న అమ్మాయి గుమ్మంలో రోజూ తెల్లవారుజామున ఒక కానుక పెట్టి పోతాడు. పెట్టింది ఎవరో ఆమె కనుక్కోవాలి. క్రిస్మస్ పొద్దున కానుకకు బదులు అతనే నిలబడతాడు. ఈ కథంతా క్లుప్తంగా ముందుమాటలోనే చెప్పి, ఇది సుఖాంతమైన హాస్య నవల అని ప్రచురణకర్తలు హామీ ఇచ్చారు.

అరుణమ్మ దాన్ని ముందు వారమే చదివి తెచ్చి ఇచ్చింది. ఎట్లుంది అని నర్సింహ అడిగితే, "నవ్వొచ్చింది" అని పోయింది. ఆమె చదివిన పుస్తకం కనుక నారింజ చూడగానే పెట్టింది ఎవరో తెలుస్తుంది. తెలిస్తే తండ్రికి ఏదో ఒకటి చెప్పి కల్లు ఆపిస్తుంది. నర్సింహ లెక్క ఇది. నవలను అతను రోజుకు ఒక అధ్యాయం చదివాడు. చదివింది మర్నాడు చేశాడు.

నవలలో నారింజకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటుంది. రిబ్బను దొరకలేదు. నర్సింహ ఎర్రదారం కట్టాడు.

నవలలో తలుపు తీసేది నాయిక. దుర్గయ్య ఇంట్లో అందరికంటే ముందు లేచేది గుర్వమ్మ.

"ఓ దుర్గయ్యా! గడప మీద ఏందిర గిది?"

దుర్గయ్య కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "సంత్ర పండే, అవ్వ."

"పండుకు ఎర్రదారమెందుకురా?"

దుర్గయ్య కర్ర వెతికి తెచ్చాడు. ముట్టుకోకుండా కర్రతో దొర్లించి వీధిలోకి నెట్టాడు. పిడకల కోసం పేడ ఏరుకుంటూ అటే వస్తున్న సాలమ్మ దాన్ని తీసుకుంది. సాలమ్మకు ముందూ వెనకా ఎవరూ లేరు. దారం తెంపి కొంగున ముడేసుకుంది. పండు ఒలిచి అక్కడే నిలబడి తిన్నది.

పొద్దెక్కాక ఆమె గ్రంథాలయం మెట్టు మీద కూర్చుని, పత్రిక చదవడానికి వచ్చినవాళ్లు వింటుండగానే సంగతంతా నర్సింహకు చెప్పింది. "మస్తు తియ్యగుండె, బిడ్డా. పెట్టినోడు రేపు ఇంకోటి పెడ్తడేమో. జర జల్ది లేవాలె."

నారింజ అరుణమ్మ కంట పడనే లేదని నర్సింహకు అర్థమైంది. రెండో అధ్యాయం తీశాడు. అందులో కొవ్వొత్తి ఉంది, ఊరి మాటలో మొంబత్తి. వెలుగుతూ ఉంటుంది కనుక దీన్ని ఎవరూ నెట్టేయరని అనుకున్నాడు.

బుధవారం గుర్వమ్మ కేక వీధి చివరి దాకా వినిపించింది. తెల్లారకముందు గడప మీద తనంతట తాను వెలుగుతున్న మొంబత్తిని ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. దుర్గయ్య ఈసారి కర్ర వెతకలేదు, కాలితో తన్నాడు. అది ఆరిపోయి వాకిట్లో కట్టేసి ఉన్న పొట్టేలు ముందు పడింది. గురువారం చుట్టాలకు కోయాలని మేపుతున్న పొట్టేలు అది. మొంబత్తిని వత్తితో సహా నమిలింది. మధ్యాహ్నానికి మేత ముట్టడం మానేసి తల వంచుకుని నిలబడింది.

సాయంత్రం నర్సింహ ఒప్పేసుకుందామని దుర్గయ్య ఇంటికి వెళ్లాడు. పొట్టేలు చుట్టూ మనుషులున్నారు. దుర్గయ్య దాని నోట్లో వాము నీళ్లు పోస్తున్నాడు.

"మామా, గా మొంబత్తి..."

"గదే చెప్తున్న నేను," అంది గుర్వమ్మ. "మన పిల్ల లగ్గం చెడగొట్టెటందుకే ఎవలో పెడుతున్నరు. మొదలు పండు, మల్ల మంట. గిది బాణామతి. దొరకని, పండ్లు ఊడ పీకిస్త. పండ్లు లేకుంటె నోట్ల మంత్రం పలకది."

నర్సింహ నాలుకతో పళ్లు తడుముకున్నాడు.

"నువ్వేందో చెప్పొస్తివి గదా. ఏంది?"

"ఏం లేదవ్వా. కొత్త పుస్తకాలొచ్చినయి. అరుణకు చెప్పిపోదామని."

అరుణమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. అతని వైపు చూడకుండా అంది: "కొత్తయి ఎందుకు? పాత పుస్తకంతోనే సాలైంది మాకు."

ఆమె కనిపెట్టిందని నర్సింహకు తెలిసింది. కానీ ఇక చాలు అని చెప్పిందో, అదే కానివ్వు అని చెప్పిందో తేలలేదు. ఇంటికి వచ్చి మూడో అధ్యాయం చదివాడు. అందులో నాయకుడు గుడ్డతో దేవదూత బొమ్మ కుట్టి కాగితపు రెక్కలు పెడతాడు. దాన్ని చూసి అమ్మాయి తండ్రి, 'ఇది ఎవరో పడుచువాని పని సుమీ' అని నవ్వుతాడు. నర్సింహకు ధైర్యం వచ్చింది. పండును, మంటను ఎట్లా అయినా అనుకోవచ్చు. రెక్కలున్న బొమ్మను చూసి భయపడేవాళ్లు ఎవరుంటారు? దుర్గయ్య కూడా నవ్వుతాడు. నవ్వితే అనుమానం పోతుంది.

పాత పంచె చింపి బొమ్మ కుట్టాడు. లోపల గొర్రె బొచ్చు కూరాడు. సిరాతో కళ్లు పెట్టాడు. పత్రిక కాగితంతో రెక్కలు చేసి, గ్రంథాలయం గుండుసూదులతో బిగించాడు. రెక్కలు వాలిపోతుంటే ఇంకొన్ని సూదులు గుచ్చాడు.

గురువారం తెల్లవారుజామున దాన్ని గడప మీద పెట్టి వచ్చాక మంచు కురిసింది. తలుపు తెరిచే వేళకు కాగితం తడిసి ఊడి ఎటో పోయింది. సూదులు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

గుర్వమ్మ ఈసారి కేక వేయలేదు. గడప దగ్గర కూలబడింది. అరుపు కోసం ఎదురుచూస్తున్న దుర్గయ్య, అది వినపడకపోయేసరికి పరుగెత్తుకొచ్చాడు. బొమ్మను చూశాడు. నవ్వలేదు.

తర్వాత అంతా తొందరగా జరిగింది. పండు తిన్నా ఏమీ కాని మనిషి ఊళ్లో ఒకరే ఉన్నారు. మంత్రం పెట్టినవాళ్లకు తప్ప ఆ పండు అరుగుతుందా? రేపు ఇంకోటి పెడతారని ముందే చెప్పింది ఎవరు? తెల్లారకముందు వీధిలో తిరిగేది ఎవరు? సాలమ్మ కొంగు విప్పిస్తే ఎర్రదారం దొరికింది. బీరన్న బండి ఊళ్లోకి వచ్చేసరికి ఆమెను చావడి రాయి ముందు కూర్చోబెట్టారు. కమ్మరి కొట్టం నుంచి తెచ్చిన పటకారు రాయి మీద ఉంది.

నర్సింహకు ఈ సంగతి పత్రిక చదవడానికి వచ్చినవాళ్లు చెప్పారు. అతను గ్రంథాలయానికి తాళం వేశాడు. నాలుగడుగులు వేసి, తిరిగొచ్చి, తాళం తీసి నవల తీసుకున్నాడు.

చావడి నిండా జనం. ఊరి తగవులు తీర్చే పోలీసు పటేలు గద్దె మీద ఉన్నాడు. కొత్తచుట్టాలకు పక్కన గొంగడి పరిచారు. ఆడవాళ్లు గోడ వెంట నిలబడ్డారు.

"సంత్ర తిన్నవా?" పటేలు సాలమ్మను అడిగాడు.

"తిన్న."

"ఎందుకు తిన్నవు?"

"ఆకలైంది పటేలా. మంత్రాలొచ్చినదాన్నయితే పండు కొనుక్కొనే తింటుంటి గద."

కొందరు నవ్వబోయి ఆపుకున్నారు. బీరన్న నవ్వలేదు.

"మాకు గివన్ని తెల్వయి, పటేలా. గీ సంగతి తేలేదాంక కల్లు ముట్టం. మంత్రం పడ్డ ఇంట్ల పిల్లను ఎట్ల చేసుకుంటం?"

దుర్గయ్య ముఖం నల్లబడింది. సంబంధం తప్పితే పోయేది ఒక్క సంబంధం కాదు. ఈ మాట ఊరు దాటితే ఆ పిల్లను అడగడానికి మళ్లీ ఎవరూ రారు. పటకారు చేతిలోకి తీసుకున్నాడు. సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మామా, ఆగు," అన్నాడు నర్సింహ. "అవన్ని పెట్టింది నేను."

దుర్గయ్య సాలమ్మ వైపు నుంచి అతని వైపు తిరిగాడు. పటకారు కూడా తిరిగింది.

"ఎందుకు పెట్టినవ్?" అన్నాడు పటేలు.

కారణం చెబితే అందులో అరుణమ్మ పేరు వస్తుంది. కల్లు తాగడానికి వచ్చినవాళ్ల ముందు ఆ పేరు తీస్తే ఆమె బతుకు ఏమవుతుందో నర్సింహకు తెలుసు. పుస్తకం పైకెత్తాడు.

"దీంట్ల ఉన్నది, పటేలా. పండుగ ముందల గిట్ల పెడ్తరట. మంచికే. ఊకనే చేసి చూసిన."

"సదువు."

నర్సింహ చదివాడు. నారింజ, మొంబత్తి రెండూ ఉన్నాయని అందరూ విన్నారు. నాయిక నారింజను చెక్కిలికి ఆనించుకుని మూర్ఛపోయిన చోట గోడ దగ్గర నుంచి ఎవరో, "పొద్దుగాల్ల ఏం తినకపోయి ఉంటది" అన్నారు.

"గా పిలగాడు ఏం పని జేస్తడు?" బీరన్న అడిగాడు.

"గుమాస్తా. సెలవుల మీద వచ్చిండు."

"అన్ని దినాలు సెలవా? వానింట్ల జీవాలెవరు మేపుతున్నరు?"

"జీవాలు లేవు."

"అందుకే గిట్ల తిరుగుతుండు."

బొమ్మ వచ్చింది. తండ్రి నవ్వాడని నర్సింహ కొంచెం గట్టిగా చదివాడు.

"అయితే ఇయ్యాల నేను నవ్వాల్నా?" అన్నాడు దుర్గయ్య.

నర్సింహ వెంటనే ముందుమాట తీసి సుఖాంతమన్న మాట చూపించాడు. బీరన్న తల అడ్డంగా ఊపాడు.

"సుఖమంటే ఎవరికి? ఆ పిల్లకా, మంత్రం పెట్టినోనికా? మాకు తెల్వాల్సింది ఒక్కటే. చివరికి పిల్ల బతికిందా, లేదా?"

"చివర సదువు," అన్నాడు పటేలు.

నర్సింహ అంతవరకు చివర చూడలేదు. పేజీలు తిప్పాడు. వెనక అట్టకు ముందు కొన్ని కాగితాలను చెదలు తినేశాయి. మిగిలిన ఆఖరి పేజీలో ఆఖరి వాక్యం మీద అతని వేలు ఆగింది.

"సదువుమంటే?"

నర్సింహ చదివాడు. "క్రిస్మసు నాటి వేకువజామున తలుపు తెరువబడెను. అంతట లోపలినుండి యొక పెద్దకేక వినవచ్చెను."

"అటెన్క?"

"అటెన్క లేదు, పటేలా. చెదలు తిన్నయి."

గుర్వమ్మ గుండె బాదుకుంది. "పిల్ల సచ్చిపోయింది! నేను చెప్పలేదా!" జనం లేచారు. బీరన్న వెంట వచ్చినవాళ్లు చెప్పులు వెతుక్కున్నారు. దుర్గయ్య నర్సింహ చొక్కా పట్టుకుని రాయి దగ్గరికి లాగాడు. ఇద్దరు ముందుకొచ్చి అతని భుజాలు పట్టుకున్నారు. నర్సింహ నోరు గట్టిగా మూశాడు. పటకారు పెదవికి తగిలింది. చల్లగా ఉంది.

"నాయినా, ఆగు. గా పిల్ల సావలే. సంతోషంతోటి కేకేసింది."

గోడ దగ్గర అరుణమ్మ ముందుకు వచ్చి నిలబడి ఉంది.

"నీకెట్ల ఎర్క?" అన్నాడు దుర్గయ్య.

"నేన్ సదివిన. పోయిన వారం."

పటేలు చేయెత్తాడు. పటకారు ఆగింది గానీ కిందికి దిగలేదు. "కేకేసినంక ఏమైంది?"

అరుణమ్మ ఒకసారి నాయనమ్మను చూసింది. "లోపటికెళ్లి ఆ పిల్ల అవ్వ వచ్చింది."

గుర్వమ్మ ఏడుపు ఆపింది. "ఆ పిల్లకు అవ్వ ఉన్నదా?"

"ఉన్నది. ఇంట్ల ఆమె మాటనే నడుస్తది."

"ఏమన్నది?"

"పిలగాని చెవు వట్టుకున్నది. దొంగ లెక్క గడప మీద పెట్టుడేంది, ఇష్టముంటె నలుగుట్ల నిలవడి అడగాలె అన్నది."

"మంచిగన్నది," అంది గుర్వమ్మ. "అడిగిండా?"

అరుణమ్మ నర్సింహను చూసింది. చావడి మొత్తం అటు తిరిగింది. దుర్గయ్య పటకారు ఇంకా అతని గడ్డం దగ్గరే ఉంది.

"అడిగిండు," అన్నాడు నర్సింహ. పెదవులు పూర్తిగా తెరవకుండా అన్నాడు. "అడుగుతున్నడు."

"మరి అవ్వ ఇస్తనన్నదా?" అన్నాడు పటేలు.

"ఊకనే ఇయ్యలే," అంది అరుణమ్మ. "ఏడాది మంద కాసి చూపియ్యమన్నది. ఒక్క జీవం తప్పిపోయినా పిల్లనియ్యనన్నది."

"జీతమెంత?" అన్నాడు దుర్గయ్య.

"జీతం లేదు. తిండే."

దుర్గయ్య పటకారు రాయి మీద పెట్టాడు. "బుక్కు రాసినాయినకు జీవాల సంగతి ఎర్కే ఉన్నది."

నర్సింహకు గొర్రెలంటే పడదు. తండ్రి మంద అమ్మిన రోజు ఊళ్లో సంతోషపడ్డది అతనొక్కడే. "మరి ఆ పిలగాని నౌకరి?" అని మెల్లగా అడిగాడు.

"పగటీలి ఆ పిల్లనే చూసుకున్నది. ఆమెకు సదువొచ్చు గద."

బీరన్న గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగానే ఉన్నది బిడ్డా. మాట ఖాయం చేసుకుందామని వేరే ఊరికెళ్లి సుట్టాలొచ్చి ఉంటరు గద. వాళ్లనేం జేసిన్రు?"

"వాళ్లకు కల్లు పోసి, కడుపునిండ పెట్టి సాగనంపిన్రు. వాళ్ల తప్పేం లేదని పెద్దమనుషులు నలుగుట్ల చెప్పిన్రు."

"పొట్టేలుకు పాణం బాగలేదు గదా, ఏం పెట్టిన్రు?"

"కోళ్లు."

బీరన్న ఆలోచించాడు. కేక విన్నప్పటి నుంచే ఆయనకు ఈ సంబంధం మీద మనసు పోయింది. మర్యాద పోకుండా బయటపడే దారి అచ్చులోనే దొరికింది. "పుస్తకంల ఉన్నదాన్ని కాదంటే బాగుండది," అన్నాడు.

"అచ్చయినదాన్ని కాదనెటందుకు నేనెవ్వన్ని," అని పటేలు లేచాడు. సాలమ్మను వదిలేయమని చేత్తో చూపించాడు. పటకారు తిరిగి కొట్టానికి పంపాడు.

సాలమ్మ లేవలేదు. "ఓ బిడ్డా, సంత్ర తిన్న ముసల్ది ఉన్నదా గా బుక్కుల?"

"ఉన్నది, సాలమ్మత్తా. ఊకనే నింద వేసిన్రని ఆ ఇంటోళ్లు ఆమెకు చీర పెట్టిన్రు."

"ఏం రంగుది?"

"రంగు రాయలే."

"ఎర్రది అని రాసి ఉంటది. జర యాది చేసుకో."

దుర్గయ్య కొత్తకోట నుంచి ఎర్ర చీరే తెచ్చాడు. పొట్టేలు నాలుగు రోజులకు మేతకు వచ్చింది. నర్సింహ ఏడాది పాటు ఎండకూ వానకూ మంద వెంట తిరిగాడు. పెద్దవాగు అవతల తప్పిపోయిన ఒక గొర్రె కోసం రెండు రోజులు తిండి లేకుండా వెతికి తెచ్చాడు. ఆ ఏడాది గ్రంథాలయంలో అరుణమ్మ కూర్చుంది. పుస్తకాలు తీసుకునేవాళ్లు పెరిగారు.

పెళ్లయిన వారానికి నర్సింహ ఆమెను అడిగాడు. "ఆ నవల చివర నిజంగ మంద కాయుమనే ఉన్నదా?"

"నాకేం ఎర్క?" అంది అరుణమ్మ. "నువ్వు నాకిచ్చిన్నాడే చివరి కాగితాలు లేవు."

ఇంకో రెండేళ్లకు జిల్లా నుంచి ఒక అధికారి గ్రంథాలయం చూడటానికి వచ్చాడు. ఆ నవలను ఒక పూట కూర్చుని చదివాడు. హాస్యం పాతబడిందని, నాయకుడు పని చేయడని, నాయిక మాటిమాటికీ మూర్ఛపోతుందని, ఈ కాలంలో దీన్ని ఎవరూ చదవరని చెప్పి తీసేయమన్నాడు. పటేలు ఒప్పుకోలేదు. అప్పటికే రెండు గట్టు తగాదాలు, ఒక వాటాల పంచాయితీ చెదలు తిన్న దాని చివరి పేజీల ప్రకారం తేలిపోయాయి.